పేరు తర్వాత చెబుతాం

2024 డిసెంబరులో ఒక సోమవారం పొద్దున్నే ఇడ్లీ ముక్క చట్నీలో ముంచబోతుంటే ఫోన్ మోగింది. న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి మా బావమరిది. అక్కడింకా ఆదివారం రాత్రే. గొంతు వింటే ఇంట్లో మనవడు పుట్టినట్టుంది.

"బావా, సోటో మనవాడయ్యాడు!"

"సోటోనా? ఎవరబ్బాయి?"

అవతల కాసేపు నిశ్శబ్దం. నా మీద జాలిపడి తనే వివరించాడు. హువాన్ సోటో అనే బేస్‌బాల్ ఆటగాణ్ణి న్యూయార్క్ మెట్స్ జట్టు 15 ఏళ్ళకు 76 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి కొనుక్కుందట. మన రూపాయల్లో ఆరువేల నాలుగొందల కోట్ల పైమాట. సంతకాలింకా కాలేదు గానీ మార్కులు మాత్రం వచ్చేశాయి. ఫలానా నిపుణుడు 'ఏ' వేశాడు, ఇంకో ఆయన 'ఏ మైనస్', పిసినారి ఒకడు 'బి ప్లస్'. మావాడు వరసగా చదువుతున్నాడు, కొడుకు ప్రోగ్రెస్ కార్డు చదివినట్టు.

అమెరికాలో డిసెంబరులో బేస్‌బాల్ ఉండదు. మైదానాల మీద మంచు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. ఎవరు ఎవర్ని కొన్నారు, ఎవర్నిచ్చి ఎవర్ని తెచ్చుకున్నారు, ఎవరు మునిగారు. వీటికి మార్కులేసే మాస్టార్లకు అక్కడ కొదవ లేదు. చెరువులో గేదె ఉండగానే కొమ్ములు చూసి బేరమాడటం మన దగ్గర ఎగతాళి మాట. అక్కడ అదొక ఉద్యోగం.

మళ్ళీ సోటో దగ్గరికొద్దాం. 2025 సీజన్‌లో అతను 43 హోమ్ రన్లు కొట్టాడు, 38 బేస్‌లు దొంగిలించాడు. (బేస్ దొంగిలించడం అక్కడ నేరం కాదు, అర్హత.) జూన్ మధ్యకొచ్చేసరికి మొత్తం లీగ్‌లో మెట్సే ముందుంది. ఆ తర్వాత జారి జారి, చివరి రోజు మయామీలో ఓడి, 83 గెలుపులు 79 ఓటములతో ప్లేఆఫ్స్ గడప దగ్గరే ఆగిపోయింది. కొన్న సరుకు బాగానే ఉంది, కొన్నవాడి కొట్టే మూతపడింది. దీనికెన్ని మార్కులో ఏ మాస్టారినైనా అడిగి చెప్పండి.

అసలీ మార్కుల శాస్త్రం ఎంత గొప్పదో తెలియాలంటే 2018 డిసెంబరు బేరం చూడాలి. చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి ఆట ముగించే పిచర్‌ని క్లోజర్ అంటారు. అలాంటి ఎడ్విన్ డియాజ్‌ని సియాటిల్ మారినర్స్ నుంచి మెట్స్ తెచ్చుకుంది. కల్యాణమండపంలో పెళ్ళికూతురితోపాటు అత్తగారి పాత బీరువా కూడా అంటగట్టినట్టు, 36 ఏళ్ళ రాబిన్సన్ కానోని, అతనికివ్వాల్సిన 12 కోట్ల డాలర్ల జీతాన్నీ కలిపి పంపారు. జీతంలో కొంత సియాటిలే భరించిందనుకోండి. బదులుగా మెట్స్ ఇచ్చినవాళ్ళలో అసలు వజ్రం జ్యారెడ్ కెలెనిక్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పటికే అతని పేరు భావి సూపర్‌స్టార్.

2019లో డియాజ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 5.59 పరుగులిచ్చాడు. ఆట ముగించమంటే జట్టునే ముగించాడు. మా బావమరిది ఆ ఏడాది రెండు రిమోట్లు పగలగొట్టాడు. బేరానికి సున్నా. 2021లో కానో నిషిద్ధ మందుల కేసులో ఏడాది పొడుగునా బయటే ఉన్నాడు, సున్నాకి కింద గీత. మరుసటి ఏడాది అదే డియాజ్ సగటు 1.31. అతను మైదానంలోకి నడిచొస్తుంటే బాకాల పాట, స్టేడియమంతా లేచి నిలబడటం. బేరానికి నూటికి నూరు. సంతోషం పట్టలేక మెట్స్ మరో అయిదేళ్ళకు 10 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చింది.

2023 మార్చిలో అతను సొంత గడ్డ ప్యూర్టోరికో తరఫున ప్రపంచ టోర్నీలో ఒక ఆట గెలిపించాడు. గెలిచిన ఆనందంలో తోటివాళ్ళతో కలిసి గెంతుతుంటే మోకాలు పోయింది. ఆ సీజన్ మొత్తం మంచం. అదే ఏడాది జులైలో అక్కడ సియాటిల్‌లో కెలెనిక్ అవుటైన కోపంలో నీళ్ళ కూలర్‌ను తన్ని పాదం విరగ్గొట్టుకున్నాడు. ఒకడు సంతోషంతో, ఇంకొకడు కోపంతో. ఈ రెండింటికీ మార్కుల పట్టికలో గడి లేదు.

అసలు మెట్స్ పుట్టుకే అలాంటిది. జట్టు మొదలైన 1962లో ఏప్రిల్ నెలలో హ్యారీ చిటీ అనే క్యాచర్‌ను క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చుకున్నారు. బదులుగా ఎవర్నిస్తారు? 'పేరు తర్వాత చెబుతాం' అన్నారు. బేస్‌బాల్‌లో ఇది చెల్లుతుంది, మన అప్పుపత్రాల్లో చెల్లదు. జూన్‌లో ఆ పేరు చెప్పారు: హ్యారీ చిటీ. వాడికి బదులు వాణ్ణే పంపేశారు. ఆ ఏడాది మెట్స్ 120 ఆటలు ఓడింది. నన్నడిగితే ఆ జట్టు చరిత్రలో న్యాయమైన బేరం అదొక్కటే, ఎవరూ మోసపోలేదు. ఆ నిజాయితీ నిలవలేదు. 1971లో నోలన్ ర్యాన్ అనే కుర్ర పిచర్‌ని వదులుకున్నారు. అతను 1993 దాకా ఆడి కెరీర్ మొత్తంలో 5,714 స్ట్రైకవుట్లు చేశాడు.

ఇక అందరూ నవ్వే బేరం బాబీ బొనీయాది. 1999లో మెట్స్ తరఫున అతను పదిసార్లు బ్యాట్ పడితే రెండు హిట్లు కూడా రాలేదు. వదిలించుకుందామంటే ఇంకా 59 లక్షల డాలర్లివ్వాలి. ఇప్పుడొద్దు, 8 శాతం వడ్డీతో 2011 నుంచి 25 ఏళ్ళపాటు కడతామని యజమానులు ఒప్పుకున్నారు. అందుకే ఏటా జులై 1న 11 లక్షల 93 వేల డాలర్ల పైన ఆయన ఖాతాలో పడతాయి. అభిమానులు దాన్ని పండగ చేసి పగలబడి నవ్వుతారు.

నాకు మాత్రం నవ్వు రాదు. ఏడాదికి 8 శాతమంటే నెలకు నూటికి అరవయ్యారు పైసలు. మా ఊళ్ళో రూపాయి వడ్డీకిచ్చేవాణ్ణే ధర్మాత్ముడంటారు. బొనీయా తప్పేముంది? తప్పంతా ఆ యజమానులు తమ డబ్బు పెట్టుకున్న చోటు. బెర్నార్డ్ మేడాఫ్ దగ్గర అంతకన్నా ఎక్కువొస్తుందని లెక్కేసుకున్నారు. 2008లో మేడాఫ్ చీటీ ఎత్తేశాడు. మన పేటల్లో చిట్‌ఫండ్ బోర్డు తిప్పేసినవాళ్ళకు పెద్దన్న. 2020లో జట్టును స్టీవ్ కోహెన్ కొన్నాడు, దాంతోపాటు బొనీయా బాకీ కూడా.

మొన్న మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "బావా, డియాజ్ డాడ్జర్స్ జట్టుకి వెళ్ళిపోయాడు. మనవాళ్ళకి 'సి మైనస్' వేశారు."

"కంగారెందుకురా? ఈ మాస్టార్లు దిద్దిన పేపర్లకి రీవాల్యుయేషన్ ఏటా ఉంటుందిగా" అన్నాను.

బొనీయాకు చివరి చెక్కు 2035 జులైలో, 72 ఏళ్ళ వయసులో అందుతుంది. సోటో ఒప్పందం కాగితం మీద 2039 దాకా ఉంది.