నదీవిహార కరపత్రం – టీకాతాత్పర్య సహితం

మూలం

నీలి డాన్యూబ్ ఒడిలో ఏడు రాత్రుల రాజవిహారం, సకలం ధరలోనే, ఫ్రెంచి బాల్కనీ గదులు, నగరాల నడిబొడ్డునే రేవు, నీటిమట్టాన్ని బట్టి మార్గం మారవచ్చు.

అవతారిక

యూరప్ నదుల మీద విహారనౌకలు నడిపే సంస్థలు ఏటేటా అచ్చువేసే కరపత్రాల సారమంతా పై వాక్యంలో ఇమిడి ఉన్నందున, ఏ ఒక్క సంస్థదీ కాక అన్నింటికీ చెందిన ఈ వాక్యాన్నే మూలంగా గ్రహించి టీక రచించడమైనది. ఆధారం లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు అని నియమం పెట్టుకొన్న కోలాచల మల్లినాథసూరి నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడు కావడం తెలుగు టీకాకారులకు గర్వకారణమే గాని, ఆ నియమంలోని రెండవ సగం పాటించడం తరువాతివారికి అంతగా సాధ్యపడలేదు. ఈ టీక అందుకు మినహాయింపు కాదు. నౌకామార్గం వంటి లౌకిక విషయానికి టీక ఎందుకని ఆక్షేపించేవారు, మల్లినాథుడు వ్యాఖ్యానించిన మేఘసందేశంలో పూర్వభాగమంతా మార్గనిర్ణయమేనని, అలకాపురికి పోవలసిన మేఘాన్ని యక్షుడు దారి వంకరైనా సరే ఉజ్జయిని చూసి పొమ్మన్నాడని స్మరించవలసి ఉంటుంది.

ప్రతిపదార్థం

నీలి = కవిసమయానుసారం నీలవర్ణం గల; డాన్యూబ్ ఒడిలో = డాన్యూబ్ నదిలోని ఐదవ వంతు మీద; ఏడు రాత్రుల = ఏడు రాత్రులూ ఆరు నిండు పగళ్ళూ గల; రాజవిహారం = రాజుకు తగినంత ఖర్చుతో కూడిన ప్రయాణం; సకలం = కొంత; ధరలోనే = ముందు చెల్లించిన సొమ్ములోనే; ఫ్రెంచి బాల్కనీ = కాలు మోపడానికి చోటులేని బాల్కనీ గల; గదులు = పై అంతస్తుల గదులు మాత్రమే; నగరాల నడిబొడ్డునే = నగరపు ఎల్లలకు లోపల ఎక్కడో ఒకచోట; రేవు = ఓడ ఆగే తావు; నీటిమట్టాన్ని బట్టి = నీటిమట్టాన్ని బట్టి; మార్గం = పైన చెప్పినదంతా; మారవచ్చు = మారును.

తాత్పర్యం

నీరు తగినంత ఉన్నచో ఓడ పోవును, లేనిచో బస్సు పోవును అని తాత్పర్యం.

టీక

నీలి డాన్యూబ్ అనే విశేషణం 1867లో వియన్నాలో తొలిసారి వినిపించిన యోహాన్ స్ట్రౌస్ వాల్ట్జ్ సంగీతం వల్ల లోకరూఢమైనదే గాని నది రంగును చూసి పెట్టినది కాదు. మామూలు రోజుల్లో ఆ నీరు ఆకుపచ్చ ఛాయతోనూ, వరద రోజుల్లో మట్టిరంగుతోనూ ఉంటుంది. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో పుట్టి, పది దేశాలను తాకుతూ, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ అనే నాలుగు రాజధానులను దాటి, నల్లసముద్రంలో కలిసే ఈ నది నిడివి సుమారు 2,850 కిలోమీటర్లు కాగా, ఏడు రాత్రుల యాత్రల్లో అధికభాగం జర్మనీ సరిహద్దులోని పాసావ్ నుండి హంగరీ రాజధాని బుడాపెస్ట్ వరకు గల సుమారు 580 కిలోమీటర్లకే పరిమితం. ఇంత దూరంలో 11 లాకులు వస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీద పడవలను ఎత్తుకూ పల్లానికీ చేర్చడానికి కట్టిన లాకులు ఎరిగినవారికి ఈ ఏర్పాటును వివరించనక్కరలేదు. రెండు తలుపుల మధ్య ఓడను బంధించి నీటిని పెంచడమో తగ్గించడమో చేయడమే పని, తేడా పరిమాణంలోనే. లాకు నడుస్తున్నంతసేపూ కింది అంతస్తు గదిలోని ప్రయాణికునికి కనబడేది కాంక్రీటు గోడ అన్నది మాత్రం కరపత్రకర్త వ్యంగ్యంగానైనా సూచించలేదు.

ఏడు రాత్రులు అనే సంఖ్య కూడా విచారణీయం. మొదటి రోజు మధ్యాహ్నం దాటాక ఓడ ఎక్కడం, ఎనిమిదవ రోజు ఉదయం ఫలహారం ముగియగానే దిగిపోవడం ఆచారం కనుక చేతికి చిక్కే నిండు పగళ్ళు ఆరే. ఓడలు తరచు రాత్రిపూట నడిచి పగలు రేవులో ఆగుతాయి గనుక, ఊళ్ళు చూడదలచినవారికి ఇది లాభం, నదిని చూడదలచినవారికి నష్టం. ఈ యాత్రలో కేవలం నది కోసమే చూడవలసిన భాగం ఆస్ట్రియాలో మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య సుమారు 36 కిలోమీటర్ల వాఖావ్ లోయ; ద్రాక్షతోటలు, ఆప్రికాట్ తోటలు, 1192 చివర ఇంగ్లండు రాజు రిచర్డును బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు ఇక్కడే ఉన్నాయి, యునెస్కో 2000లో దీనిని వారసత్వ స్థలాల్లో చేర్చింది. కనుక కరపత్రంలోని దినచర్య పట్టికలో వాఖావ్‌ను ఓడ పగలు దాటుతుందా, రాత్రి దాటుతుందా అని చూడడం, భోజనంలో ఎన్ని వంటకాలున్నాయో చూడడం కంటె ముఖ్యం.

సకలం అనే పదానికి కొంత అని అర్థం చెప్పడం సాహసం కాదు. పడక, మూడు పూటల భోజనం, భోజనంతో పాటు వైను, ఊరికొక నడక యాత్ర సాధారణంగా ఇందులో చేరతాయి. విమాన ఛార్జీలు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు, ప్రత్యేక యాత్రలు ఒకచోట చేరతాయి, మరొకచోట చేరవు. ఒంటరిగా పోయేవారు ఇద్దరు పట్టే గదికి అదనపు రుసుము కట్టవలసి రావడం మామూలే కాబట్టి, అక్కడ సకలంలో సకలం కన్న ఎక్కువ ఉంటుంది.

ఫ్రెంచి బాల్కనీ అనగా నేల నుండి దాదాపు పైకప్పు దాకా ఉండే జరుపుడు గాజుతలుపు, దానికి ఆనుకొని కటకటాలు. నిలబడవచ్చు, గాలి పీల్చవచ్చు, కుర్చీ వేయడం కుదరదు. ఇటువంటి పొదుపుకు కారణం సంస్థల పిసినారితనం కాదు, లాకుల వెడల్పు. మైన్, డాన్యూబ్ నదుల మీద ఇరుకైన లాకుల వెడల్పు 12 మీటర్లు గనుక, వాటిని దాటవలసిన విలాసనౌక ఎంతటిదైనా సుమారు 11.4 మీటర్ల వెడల్పును, 135 మీటర్ల పొడవును మించదు. ఆ కొలతల్లో గది, నడవా, మళ్ళీ గది ఇమడ్చాలి. వంతెనల కింద దూరడానికి చుక్కాని గదే కిందికి దిగిపోతుంది, పైడెక్కు మీది గొడుగులు ముడుచుకొంటాయి, ఒక్కొక్కప్పుడు ప్రయాణికులనూ దింపివేస్తారు. అడుగు అంతస్తు గదులకు ఉండేది పైకప్పు దాపున తెరుచుకోని చిన్న కిటికీ మాత్రమే. ధర తక్కువ, గది దాదాపు అదే సైజు, పగలంతా గదిలో ఎవరూ కూర్చోరు. కనుక ఈ టీక అభిప్రాయం ప్రకారం అడుగు గది తీసుకొని పైడెక్కు మీద కూర్చొనేవారే వివేకులు. పైగా రద్దీ రేవుల్లో ఓడలను ఒకదాని పక్కన ఒకటి కట్టివేస్తారు. అప్పుడు బాల్కనీకి ఎదురుగా కనబడేది డాన్యూబ్ కాదు, పక్క ఓడలో పళ్ళు తోముకొంటున్న పెద్దమనిషి.

నగరాల నడిబొడ్డు అన్నచోట లక్షణావృత్తిని ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె అన్నప్పుడు గంగ అనే మాటకు గంగ ఒడ్డు అని అర్థం చెప్పుకోవడం శాస్త్రంలో ప్రసిద్ధం. బుడాపెస్ట్ విషయంలో ఆ శ్రమ కూడా లేదు, ఓడలు చెయిన్ వంతెన దాపునే ఆగుతాయి, రాత్రి దీపాల్లో పార్లమెంటు భవనాన్ని నీటి మీద నుండే చూడవచ్చు. వియన్నాలో ప్రధాన ప్రవాహం పాత నగరానికి ఎడంగా పోతుంది గనుక, రైక్స్‌బ్రూకె వంతెన వద్ద దిగి మెట్రో ఎక్కితే గాని సెయింట్ స్టీఫెన్ చర్చి రాదు. ఇంతవరకు లక్షణ చెల్లుతుంది. ప్రాగ్ నుండి బుడాపెస్ట్ దాకా డాన్యూబ్ విహారం అని రాసినప్పుడు మాత్రం ఏ వృత్తీ చాలదు. ప్రాగ్ వల్తావా నది మీద ఉంది, ఓడ అక్కడికి పోదు, రోడ్డు మీద 200 కిలోమీటర్లకు పైగా బస్సులో రావాలి. బుకారెస్ట్ కూడా ఇటువంటిదే, డాన్యూబ్ రేవు జుర్‌జు నుండి సుమారు 60 కిలోమీటర్లు.

పాఠాంతరాలు

కొన్ని ప్రతుల్లో డాన్యూబ్‌కు బదులు రైన్ అనే పాఠం కనబడుతుంది. స్విట్జర్లాండులోని బాసెల్‌కూ ఆమ్‌స్టర్‌డామ్‌కూ మధ్య సాగే ఈ యాత్రలో జీవం బింగెన్, కోబ్లెంజ్ పట్టణాల మధ్య గల 65 కిలోమీటర్ల లోయ. కొండకొక కోట, మలుపులో 132 మీటర్ల లోరెలై శిల, అన్నీ డెక్కు మీద కూర్చొని చూడవచ్చు. ఇక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్ నుండి బాసెల్‌కు ఎదురీదే ఓడ నెమ్మదిగా పోతుంది, చూపుకు ఎక్కువసేపు దొరుకుతుంది. ధర సమానమైతే ఎదురీతే ఎంచదగినది. సంగీతం, రాజభవనాలు కోరేవారికి డాన్యూబ్ పాఠం, కళ్ళప్పగించి కూర్చొనేవారికి రైన్ పాఠం గ్రాహ్యం.

రెండు నదులనూ కలిపి చదివే పద్నాలుగు రాత్రుల పాఠం మరొకటి ఉంది. 793లో చక్రవర్తి షార్లమేన్ తవ్వించబోయి పూర్తిచేయలేకపోయిన కలయికను 1992లో తెరిచిన మైన్–డాన్యూబ్ కాలువ సాధించింది. 171 కిలోమీటర్ల ఆ కాలువ ఓడలను సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకు చేర్చి అవతల దించుతుంది. ఇంజినీర్లకు ఇది తీర్థయాత్ర. తక్కినవారు ఆమ్‌స్టర్‌డామ్ నుండి బుడాపెస్ట్ దాకా అరవైకి పైగా లాకులు లెక్కపెట్టడానికి సిద్ధపడి బయలుదేరాలి.

పోర్చుగల్‌లోని డౌరో పాఠాన్ని టీకాకారులు ఉపేక్షించడం అన్యాయం. విహారనౌకలు రాత్రి నడవరాదనే నియమం ఇక్కడ ఉన్నందున దారి అంతా పగలే కనబడుతుంది, 1756లోనే హద్దులు గీసిన పోర్ట్ వైను సీమ మెట్లమెట్లుగా రెండు ఒడ్డులా సాగుతుంది, కారపటేలు లాకు ఒక్కటే ఓడను సుమారు 35 మీటర్లు ఎత్తుతుంది. వేసవిలో ఎగువ లోయ ఎండలు రాయలసీమ వారికి ఇల్లు మరిపించవు. ఫ్రాన్సులోని సెన్, రోన్ పాఠాలు చిత్రకళ, భోజనం ప్రధానంగా గలవారికి చెల్లును.

పూర్వపక్షం, సిద్ధాంతం

వాక్యంలో చివరిదీ, అతి చిన్న అచ్చులో ఉండేదీ అయిన నీటిమట్టపు షరతు అప్రధానమని పూర్వపక్షం. అది నిలవదు. తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసకులు చెప్పిన గుర్తుల్లో అపూర్వత ఒకటి, అనగా మరే ప్రమాణం వల్లా తెలియని సంగతినే గ్రంథం ప్రధానంగా చెప్పదలచిందని గ్రహించడం. డాన్యూబ్ అందమైనదని లోకం ఎరుగును, భోజనం బాగుంటుందని ఊహించవచ్చును. కేవలం స్తుతి గనుక అవన్నీ అర్థవాదాలు. కొత్తగా తెలిసేది, కట్టుబాటును విధించేది చివరి షరతే కనుక అదే విధివాక్యం.

దీనికి లోకానుభవం సాక్షి. 2013 జూన్‌లో పాసావ్ వద్ద డాన్యూబ్ 12.89 మీటర్లకు పొంగింది. అంతటి వరదలో ఓడలు వంతెనల కింద పట్టవు. 2018 అక్టోబరులో రైన్ మీది కౌబ్ కొలబద్ద 25 సెంటీమీటర్లు చూపింది. కొలబద్ద అంకె నది లోతు కాదు, ఓడదారిలో నీరు అప్పటికీ మీటరుకు పైగానే ఉంటుంది, అయినా నిండు ఓడకు అది చాలదు. 2022 వేసవిలో సెర్బియాలోని ప్రహోవో దగ్గర నీరు తగ్గి, 1944లో జర్మన్లు ముంచివేసిన యుద్ధనౌకలు బయటపడ్డాయి. జర్మనీలో స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య ఆనకట్ట లేని డెబ్బై కిలోమీటర్ల మేర మొదట మెరకపడుతుంది. అప్పుడు ప్రయాణికులను బస్సులో దాటించి, అవతల సిద్ధంగా ఉన్న జంట ఓడలోకి ఎక్కిస్తారు.

కాబట్టి మొదట నదిని కాక నెలను ఎంచుకోవాలని సిద్ధాంతం. ఆల్ప్స్ మంచు కరిగే వసంతంలోనూ వేసవి తొలి రోజుల్లోనూ వరద భయం, ఆగస్టు నుండి అక్టోబరు దాకా కొరత భయం ఎక్కువ. నవంబరు చివర మొదలయ్యే క్రిస్మస్ సంతల యాత్రలు ఊళ్ళకు బాగుంటాయి గాని, వియన్నాలో నాలుగు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు గనుక లోయలు చీకటిలో పోతాయి. ఏ నెలా నిర్దోషం కాదు, మే నెల మధ్యభాగం దోషాలు తక్కువ గలది.

నెల కుదిరాక మిగిలేది వీసా. భారత పాస్‌పోర్టుతో పోయేవారికి, అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నవారికి సైతం, షెంగెన్ వీసా తప్పదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా కావాలి. బుడాపెస్ట్ నుండి కిందికి సాగే డాన్యూబ్ పాఠాన్ని ఎంచుకొన్నవారు దారిలో షెంగెన్ కూటమిలో లేని సెర్బియాలో దిగి, 2025 జనవరి 1 నుండి పూర్తిగా ఆ కూటమిలో చేరిన బల్గేరియా, రుమేనియాలలో మళ్ళీ ప్రవేశిస్తారు. అందువల్ల వీసా దరఖాస్తులో ఒకే ప్రవేశం అని కాక బహుళ ప్రవేశం అని కోరాలి, టికెట్టు సొమ్ము కట్టేముందు సెర్బియా ప్రవేశ నియమాలను కూడా సరిచూసుకోవాలి.