‘చేకొందువా యని’: ఒక జెల్లీబేబీ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె. మెడకుఁ జుట్టుశాలు మీటర్ల కొలఁదిగా
సంచి దీసి యరికిఁ జాచి యడుగు
జెల్లిబేబి కలదు చేకొందువా యని
వెదకి రూర నూర వేడ్క జనులు

అవతారిక

కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే పెద్దమనిషి ఒకడున్నాడు. పేరడిగితే డాక్టర్ అంటాడు. ఏ డాక్టరో చెప్పడు. కాపురం నీలం రంగు పోలీసు పెట్టెలో. బయట నుంచి చూస్తే ఇద్దరు ఇరుక్కుని నిలబడే జాగా, లోపలికి వెళితే మహలు. బీబీసీ వారు ‘డాక్టర్ హూ’ అని ఈయన కథ మొదలుపెట్టింది 1963 నవంబరు 23న. ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఈయన చావకుండా కొత్త ఒళ్లు తెచ్చుకుంటాడు గనక నటుడు మారినా కథకి అడ్డు లేదు. మన సీరియళ్లలో అయితే పాపం కోడలికి కారు యాక్సిడెంటు చేసి, ప్లాస్టిక్ సర్జరీ చేయించి, కట్లు విప్పేదాకా నాలుగు ఎపిసోడ్లు గడపాలి.

పద్యంలో ఉన్నది నాలుగో అవతారం. ధరించినవాడు టామ్ బేకర్, 1974 చివర్లో మొదలుపెట్టి 1981 దాకా. మిఠాయి సంచి రెండో అవతారమైన ప్యాట్రిక్ ట్రౌటన్ దగ్గరే ఉన్నా, దానికి కీర్తి తెచ్చింది మాత్రం ఈ నాలుగో ఆయనే. 1970ల చివర నుంచి అమెరికాలో పబ్లిక్ టీవీ స్టేషన్లు ఈయన కథలు వేశాయి. చూసినవాళ్లకి పిచ్చి పట్టింది. పట్టాక ఏం చేయాలి? పోలీసు పెట్టె ఏ కొట్లోనూ దొరకదు. రాక్షసులంతా స్టూడియోలో అట్టతోనూ రబ్బరుతోనూ చేసినవాళ్లు. ఆ కథ మొత్తంలో చిల్లర డబ్బులిచ్చి కొని నోట్లో వేసుకోదగ్గ నిజమైన వస్తువు ఒక్కటే, జెల్లీబేబీ అనే మిఠాయి. అది కూడా అట్లాంటిక్ అవతల ఇంగ్లండులో ఉంది. ఈ పద్యం పుట్టుకకి కారణం అదీ.

నేటి మెదక్ జిల్లా కొల్చారం పేరుని ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. ఆయన ఎదట కాళిదాసు ఉన్నాడు, పెట్టుకున్నాడు. మా ఎదట జెల్లీబేబీ ఉంది. కాబట్టి ఆ ఒట్టు మాకు వర్తించదు.

ప్రతిపదార్థం

మెడకున్ = మెడకు; చుట్టుశాలు = చుట్టుకునే శాలువ, అనగా మఫ్లరు; మీటర్ల కొలఁదిగా = బారెడు కాదు, బారలు బారలుగా ఉండగా; సంచిన్ తీసి = జేబులోంచి కాగితం సంచి బయటికి లాగి; అరికిన్ = శత్రువుకు; చాచి = ముందుకు చాచి; జెల్లిబేబి కలదు = జెల్లీబేబీ ఉంది; చేకొందువా = పుచ్చుకుంటావా; అని = అంటూ; అడుగున్ = అడుగుతాడు; జనులు = అభిమానులు; వేడ్కన్ = సరదాకొద్దీ; ఊరన్ ఊరన్ = ఊరూరా; వెదకిరి = వెతికారు.

అన్వయం

కుదరడం లేదు. వెదకిరి అన్నాడు గాని దేన్ని వెతికారో కవి చెప్పలేదు. ఈ సంగతి చివర తేలుస్తాం. పాఠకులు అంతదాకా ఓపిక పట్టాలి.

విశేషాలు

మెడకుఁ జుట్టు: ఇక్కడ సరళాదేశం వచ్చింది. సంధి చూసుకోనివాళ్లు దీన్ని ‘మెడకు జుట్టు’ అని చదువుకుని, ఉంగరాల జుట్టు మెడ దాకా వేలాడుతోందని అర్థం చెప్పారు. టామ్ బేకర్‌కి ఆ జుట్టు నిజంగానే ఉంది కాబట్టి వాళ్లని మరీ తప్పుపట్టలేం. మఫ్లరు కథ మాత్రం వ్యాఖ్యాతలందరూ వినదగ్గది. దుస్తుల రూపకర్త జేమ్స్ అచిసన్ రకరకాల రంగుల ఊలు కట్టలు తెచ్చి, కావలసినవి ఏరుకుని అల్లమని బిగోనియా పోప్ అనే ఆవిడకిచ్చాడు. ఆవిడ ఏరడం మానేసి ఇచ్చిన ఊలంతా అల్లేసింది. అలా వచ్చిందే ఆ పొడుగు. చేతికందిన సమాచారమంతా ఒకే టీకాలో కుక్కే మా వర్గానికి ఆవిడ కులదేవత.

సంచి దీసి: ప్లాస్టిక్ ప్యాకెట్టు కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండు మిఠాయికొట్టులో గాజు సీసాలు వరసగా ఉండేవి. ‘క్వార్టర్’ అంటే కొట్టువాడు పావు పౌను, మన లెక్కలో దాదాపు 113 గ్రాములు, త్రాసులో తూచి తెల్ల కాగితం సంచిలో పోసి, రెండు కొసలూ పట్టుకుని గిర్రున ఒక తిప్పు తిప్పి ఇచ్చేవాడు. అందుకే నిష్ఠాపరులు ఎంత దూరం నుంచి తెప్పించుకున్న ప్యాకెట్టునైనా చించి, కాగితం సంచిలోకి మార్చుకుంటేగాని దాన్ని ముట్టరు. మాకిది చాదస్తంగా తోచదు. ప్యాకెట్టు చాచితే పంచుకోవడంలా ఉంటుంది, అంతే. సంచి చాచితే లోపల ఏముందో తెలియని అనుమానం కూడా అవతలివాడికి అందుతుంది.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. కొన్ని కథల్లో డాక్టరు నోట జెల్లీబేబీ అని వచ్చినా సంచిలోంచి వచ్చింది లికొరిస్ ఆల్‌సార్ట్స్, అంటే నల్లటి అతిమధురం చారలున్న వేరే మిఠాయి. దీన్ని పాఠాంతరంగా గ్రహించాలి. రెండూ బాసెట్స్ కంపెనీవే కనుక వంశం చెడలేదు. కానీ ఆ కంపెనీ ఆల్‌సార్ట్స్‌తోనే కాళ్లూ చేతులూ అమర్చి ‘బెర్టీ బాసెట్’ అనే బొమ్మని తన గుర్తుగా పెట్టుకుంది. 1988లో వచ్చిన ‘ది హ్యాపీనెస్ పెట్రోల్’ కథలో మిఠాయిలతో చేసిన ఒక హంతక యంత్రం అచ్చం ఆ బొమ్మలాగే ఉందని కంపెనీ బీబీసీకి ఫిర్యాదు చేసింది. దాన్ని మళ్లీ తెర మీదికి తీసుకురామని బీబీసీ ఒప్పుకుంది. ఏళ్ల తరబడి ఉచితంగా ప్రచారం చేసిపెట్టినవాడితో కంపెనీలు ఇలాగే ఉంటాయి. 2014లో పన్నెండో అవతారం పీటర్ కపాల్డి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో సిగరెట్ పెట్టె తెరిచి, లోపల ఉన్న జెల్లీబేబీని చూపించాడు. ‘సంచి’కి ‘పెట్టె’ అనే ఈ పాఠం ఛందస్సుకి సరిపోతుంది గాని, యతి చెడుతుంది.

అరికి: ఈ పదమే పద్యానికి ప్రాణం. స్నేహితుడికి మిఠాయి ఇవ్వడంలో విశేషం లేదు. ఈయన బందీగా నిలబడి, తుపాకీ గురిపెట్టినవాడికి ఇస్తాడు. అవతలివాడు ఒక్క క్షణం తికమకపడతాడు, ఆ క్షణమే ఈయనకి కావలసింది. 1977 నాటి ‘ది ఫేస్ ఆఫ్ ఈవిల్’ దీనికి పరాకాష్ఠ. అడవిజాతి యువతి లీలాకి జెల్లీబేబీ అంటూ సంచి చాపితే ఆమె హడలిపోతుంది: దుష్టదేవుడు పసిపిల్లల్ని తింటాడని వాళ్ల జాతివాళ్లు చెప్పుకునేది నిజమేనన్నమాట! అదే కథలో డాక్టరు ఒకణ్ణి పట్టుకుని, ఆయుధాలు కింద పెట్టకపోతే ఈ ప్రాణాంతకమైన జెల్లీబేబీతో వీణ్ణి చంపేస్తానని బెదిరిస్తాడు.

బెదిరింపు మరీ ఉత్తది కాదని మా మనవి. బ్రిటన్ బడుల్లో రసాయనశాస్త్రం టీచర్లు కరిగించిన పొటాషియం క్లోరేట్‌లో ఒక జెల్లీబేబీని వేసి చూపిస్తారు. అది కూతలు పెడుతూ ఊదారంగు మంటతో భగ్గున కాలిపోతుంది. పిల్లలు చదువు మరిచిపోయినా ఆ కూత మరవరు. ఇక 2007లో డాక్టరు చిరకాల శత్రువు మాస్టర్ చేతికే ఆ సంచి వచ్చింది. అరికి చాచగా చాచగా అరికే అలవాటైందని తెలుసుకోవాలి.

జెల్లిబేబి: షెఫీల్డు కత్తులకీ ఉక్కుకీ పేరుపడ్డ ఊరు. అక్కడి బాసెట్స్ వారు 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన సంతోషంలో, బొద్దు పిల్లల రూపంలో ఒక మిఠాయి పోసి ‘పీస్ బేబీస్’ అని పేరు పెట్టారు. శాంతి పేరు పెట్టుకున్న ఆ మిఠాయి రెండో యుద్ధంలో సరుకుల కొరతకి ఆగిపోయింది. 1953 ఫిబ్రవరిలో ఇంగ్లండులో మిఠాయిల మీద రేషన్ ఎత్తేశారు. ఆ ఏడే ఇవి ‘జెల్లీ బేబీస్’గా మళ్లీ పుట్టాయి. ఈసారి పేరులో శాంతి ప్రసక్తి లేదు. ఒకసారి మోసపోయిన కంపెనీ మళ్లీ జోస్యం చెప్పదు కదా.

తయారీ ఇలా ఉంటుంది. పళ్లేల్లో పిండి పరిచి, బొమ్మతో ఒత్తి గుంటలు చేస్తారు. పంచదార, గ్లూకోజ్ పాకం, జెలటిన్ కలిపి కాచిన వేడి ద్రవం ఆ గుంటల్లో పోసి గట్టిపడనిస్తారు. అందుకే పైన పలచగా తెల్ల పిండి అంటి ఉంటుంది. పట్టుకుంటే వేళ్లకి ఆ పిండి అంటుతుంది. పంటికి ముందు సన్నటి పొర తగిలి, తరవాత మెత్తగా దిగబడుతుంది. తలలు ముందు కొరికేవాళ్లూ కాళ్లు ముందు కొరికేవాళ్లూ అని ఇంగ్లండులో రెండు సంప్రదాయాలున్నాయి. వైష్ణవుల వడగలై తెంగలై తగవంత పాతది కాకపోయినా తీవ్రతలో తీసిపోదు. రంగులు ఆరు. 1989 నుంచి రంగుకొక పేరు కూడా ఉంది: ఎర్రది బ్రిలియంట్, పసుపుది బబుల్స్, ఆకుపచ్చది బూఫుల్స్, ఇలా. పేరు పెట్టి మరీ పిల్లవాణ్ణి తినమనడం మా మనసుకి ఎక్కలేదు.

ఇది దొరకని అమెరికాలో భక్తులు మొదట పట్టుకున్నది గమ్మీ బేర్లని. అవి జర్మన్ జాతి ఎలుగుబంట్లు. సాగుతాయి, మెరుస్తాయి, పైన పిండి ఉండదు. వీటిని ప్రతినిధిగా స్వీకరించవచ్చునా అంటే, కూడదు. కూడదనడానికి పూర్వోదాహరణ ఉంది. బీటిల్స్ బృందంలో జార్జ్ హారిసన్‌కి జెల్లీబేబీలంటే ఇష్టమని తెలిసి ఇంగ్లండులో అభిమానులు కచేరీల్లో వేదిక మీదికి విసిరేవారు. మెత్తటివి కనుక తగిలినా బాధ లేదు. 1964 ఫిబ్రవరి 11న వాషింగ్టన్‌లో బీటిల్స్ అమెరికాలో మొదటి కచేరీ చేసినప్పుడు, అక్కడివాళ్లకి జెల్లీబేబీలు దొరక్క జెల్లీబీన్లు విసిరారు. పై పెంకు గట్టిది. వాయించేవాళ్లకి వడగళ్లవానలో నిలబడ్డట్టయింది. ప్రత్యామ్నాయం వల్ల దేవుడికే దెబ్బ తగులుతుందని దీనివల్ల తేలింది.

ఊర నూర: పెద్ద ఊళ్లలో బ్రిటిష్ సరుకులమ్మే కొట్లు ఉంటాయి. మార్మైట్ సీసాకీ టీ పొట్లాలకీ మధ్య అలమరలో చూడాలి. అవి లేని ఊరివాడు లండన్ వెళ్లేవాడి కాళ్లావేళ్లా పడాలి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. ఎండాకాలంలో తెప్పించుకుంటే మాత్రం పిల్లలంతా ఒకరినొకరు కావలించుకుని ఒకే ముద్దగా దిగుతారు. బ్రిటన్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన తెలుగు పిల్లలకి ఈ వెతుకులాట అవసరం లేదు, ఏ సూపర్ మార్కెట్లోనైనా ఉంటుంది. వాళ్లు దాన్ని పట్టించుకోరు. వాళ్లు ఊరూరా వెతికేది గోంగూర.

వెదకిరి: ఇప్పుడు కర్మ సంగతి. దేన్ని వెతికారు?

పూర్వపక్షం: జెల్లీబేబీని. ఇంతసేపూ చెప్పింది అదే కదా.

అలా అయితే దొరికినవాడు తిని ఊరుకోవాలి. ఊరుకోవడం లేదు. నిజానికి రుచి చూస్తే ఇది సాదాసీదా తీపి, దీనికోసం సముద్రం దాటనక్కర్లేదు. ఆ మాట వాళ్లూ ఒప్పుకుంటారు. ఒప్పుకుంటూనే కాగితం సంచిలో పోసి, అమ్మమ్మో తామో అల్లిన మఫ్లరు చుట్టి, అభిమానుల సభకి వెళ్లి, మొహం తెలియనివాడి ఎదట సంచి చాచి ఆ ప్రశ్న అడుగుతారు. అవతలివాడు నవ్వి చెయ్యి పెడతాడు. అప్పటికి గాని వాళ్ల వెతుకులాట తీరదు. కాబట్టి కర్మ నాలుగో పాదంలో లేదు, రెండో పాదంలో ‘అరి’ రూపంలో దాగి ఉంది. మిఠాయి దొరికాక కూడా దొరకనిది, అడగడానికి ఎదట ఒక మనిషి. అన్వయం ఇదీ: జనులు అరిని వెదకిరి. అరి అంటే ఇక్కడ ఇంకా స్నేహితుడు కానివాడు.

తాత్పర్యం

బారల మఫ్లరువాడు శత్రువుకి సంచి చాచి జెల్లీబేబీ కావాలా అని అడుగుతుంటే చూసి, అలా అడగడానికి తమకీ ఒకడు కావాలని అభిమానులు ఊరూరా తిరిగారు.

శేష శంక

జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పళ్ల తొక్కల్లోని పెక్టిన్‌తో చేసే రకాలు కొన్ని ఉన్నా, సంప్రదాయసిద్ధమైన జెల్లీబేబీలో ఉండేది జెలటినే. మరి శాకాహారి అయిన అభిమాని, ఉదాహరణకి కార్తీకమాసంలో లండన్ చేరిన మన గుంటూరు కుర్రాడు, ఆ సంచి తన ముందుకు వస్తే ఏం చేయాలి?

సమాధానం: మూలంలో ‘చేకొందువా’ అనే ఉంది, ‘తిందువా’ అని లేదు. కాబట్టి నిరభ్యంతరంగా పుచ్చుకోవచ్చు. పుచ్చుకుని, వెనక్కి తిరిగి, పక్క సీట్లోవాణ్ణి అడగాలి.