ఐదింటికి లేచినవాడిదే రాజ్యం

కోటీశ్వరులు కావడానికి ఇప్పుడు పెట్టుబడి, పలుకుబడి, పట్నంలో మేనమామ వంటివేవీ అక్కర్లేదట. ఒక అలారం చాలట. అది ఫోన్‌లోనే వస్తుంది, ఉచితంగా. ఆ సంగతి చెప్పడానికి మాత్రం వ్యక్తిత్వ వికాస వక్తగారు ఫీజు పుచ్చుకుంటారు.

ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియాల్లో ఏడాదికోసారైనా ఈ తంతు జరగాల్సిందే. పైన కోటు, కింద జీన్స్, చెంప పక్కన మైకు. "పొద్దున ఐదింటికి ఎంతమంది లేస్తున్నారు, చేతులెత్తండి!" అంటాడాయన. హాస్టల్ పిల్లలు నలుగురు ఎత్తుతారు, ఆ వేళకైతేనే బాత్రూముల దగ్గర వరస ఉండదు కనక. మిగతావాళ్లను జాలిగా చూసి, "అందుకే మీరక్కడ కూర్చున్నారు, నేనిక్కడ నిలబడ్డాను" అంటాడు. ప్రిన్సిపాల్ గారు లేచి మరీ చప్పట్లు కొడతారు. ఆయన లేచేది ఏడింటికి.

రాబిన్ శర్మ అనే కెనడా మాజీ లాయరు 2018లో 'ది ఫైవ్ ఏఎం క్లబ్' పుస్తకం తెచ్చాక ఈ గంటకు గిరాకీ బాగా పెరిగింది. లేవగానే ఇరవై నిమిషాలు చెమట పట్టాలి, ఇరవై నిమిషాలు మనలోకి మనం చూసుకోవాలి, ఇరవై నిమిషాలు ఏదైనా నేర్చుకోవాలి. మంచిదే. మన పెద్దలు బ్రాహ్మీ ముహూర్తమని ఇంకాస్త ముందే లేపేవారు. కాకపోతే ఊరికే చెప్పారు, అందుకే విలువ లేకుండా పోయింది.

సరే, పొద్దున్నే లేవడమే ఐశ్వర్యానికి రాచబాట అనుకుందాం. అప్పుడు హైదరాబాదు ధనవంతుల జాబితాలో మొదటి పేరు ఎవరిది కావాలి? మీరు కళ్లు నలుపుకునేలోపు గుమ్మానికి పాల ప్యాకెట్ సంచి తగిలించి పోయే కుర్రాడిది. రెండోది, చీకట్లోనే బంతిపూల మూటలతో గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దిగే రైతుది. మూడోది, రైతుబజారు గేటు తీయకముందే వంకాయల బస్తా మీద కునికిపాట్లు పడే అతనిది. మన వీధి ఊడ్చే మునిసిపాలిటీ అమ్మ ఈపాటికి జూబ్లీహిల్స్‌లో బంగళా కట్టుకుని ఉండాలి. ఇక కోడి కూయకముందే లేచి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, పాలు పితికి, అందరికీ వండి పెట్టిన మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఏ కంపెనీల అధిపతులు కావలసింది? వాళ్ల ఉదయాల్లో చెమట పట్టే ఇరవై నిమిషాలు ఉన్నాయి, అవి రాత్రి దాకా సాగేవి. మనలోకి మనం చూసుకునే ఇరవై నిమిషాలే ఎవరూ ఇవ్వలేదు.

వక్తగారి రెండో అస్త్రం ఇరవై ఒక్క రోజులు. ఏ పనైనా 21 రోజులు వదలకుండా చేస్తే అలవాటైపోతుంది, సైన్స్ చెప్పింది అంటాడు. చెప్పింది సైన్స్ కాదు, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముక్కుకో ముఖానికో అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని గమనించి, 1960లో అచ్చయిన 'సైకో సైబర్నెటిక్స్'లో ఆ ముక్క రాశాడు. చేతులు మారేకొద్దీ 'కనీసం' ఎగిరిపోయింది, ముక్కూ ఎగిరిపోయింది, 21 మిగిలింది. అలా ముక్కు లెక్క మన జిమ్ముకీ, ఇంగ్లీషు నేర్చుకోవడానికీ, సిగరెట్టు మానడానికీ చుట్టుకుంది.

నిజంగా కొలిచినవాళ్లు లేకపోలేదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందికి తలా ఒక చిన్న అలవాటు ఎంచుకోమని చెప్పి, పన్నెండు వారాలు గమనించింది. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు. ఒకరికి 18 చాలాయి, ఇంకొకరికి 254 పడతాయని లెక్క తేలింది. 254 అంటే ఉగాది నాడు మొదలుపెడితే కార్తీకం వెళ్లి మార్గశిరం వస్తుంది. ఆ మాట పోస్టరు మీద వేస్తే హాలు నిండదు.

అసలు దీనికి లండన్ దాకా ఎందుకు? మన ఊళ్లో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను చూడండి. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, నేల మీద పడక, మందు లేదు, మాంసం లేదు. వక్తగారి లెక్కలో మంచి అలవాటు ఒకసారి కాదు, దాదాపు రెండుసార్లు స్థిరపడి ఉండాలి. మాల తీశాక వచ్చే మొదటి ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడి, క్యూలో తెలిసిన స్వాములెందరో లెక్కపెట్టండి. వాళ్లను తప్పుపట్టడం లేదు. దీక్షకు మొదలూ తుదీ ఉంటాయి, ఆ సంగతి వాళ్లకు తెలుసు. వక్తగారికే తెలియదు.

మూడో అస్త్రం, లక్ష్యం కాగితం మీద రాసుకోవడం. 1953లో యేల్ యూనివర్సిటీ పట్టభద్రుల్లో మూడు శాతం మందే లక్ష్యాలు రాసుకున్నారట, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మిగతా తొంభై ఏడు శాతం ఆస్తి కలిపినా వాళ్ల ఆస్తికి సాటిరాలేదట. వినడానికి సొంపుగా ఉంది. 1996లో 'ఫాస్ట్ కంపెనీ' పత్రిక ఆ పరిశోధన ఎక్కడుందని ఆరా తీస్తే, ఒక వక్త ఇంకో వక్తను చూపించాడు, యేల్ వాళ్లు అలాంటిదేమీ జరగలేదన్నారు. అయినా కథ ఆగలేదు. ఈమధ్య యేల్ బదులు హార్వర్డ్ అంటున్నారు.

రోజుకి ఒక శాతం మెరుగుపడితే ఏడాదికి ముప్పై ఏడు రెట్లు అవుతారన్నది ఇంకో లెక్క. జేమ్స్ క్లియర్ 'అటామిక్ హ్యాబిట్స్' పుణ్యమా అని ఇంటింటికీ చేరింది. ఆ పుస్తకంలో పనికొచ్చే మాటలు ఉన్నాయి, వేదికెక్కేది మాత్రం ఈ చక్రవడ్డీ ఒక్కటే. ఇవాళ పది దండీలు తీసేవాడు ఏడాది చివరికి రోజుకి 378, రెండో సంవత్సరం చివరికి రోజుకి పద్నాలుగు వేల పైచిలుకు తీయాలి. మనిషి కండ ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదని జిమ్ కోచ్‌ను అడిగినా చెబుతాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు ఆగిపోయే చోటు హైదరాబాదులోనే ఉంది. అశోక్‌నగర్ సందుల్లో, చిక్కడపల్లి లైబ్రరీ బల్లల మీద ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుతూ వక్తగారి సూత్రాలన్నీ అక్షరాలా పాటించే వేలమంది ఉన్నారు. తెల్లవారకముందే లేస్తారు, టైంటేబుల్ గోడకు అంటిస్తారు, ఫోన్‌లో యాప్‌లన్నీ తీసేస్తారు, లక్ష్యం పెద్దక్షరాలతో రాసుకుంటారు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో పేపరు లీకైందని రద్దు. లీకు కేసులో పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగే అరెస్టయ్యాడు. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా నోటిఫికేషనే వెనక్కి తీసుకుని, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఈ రెండేళ్లలో ఆ పిల్లలు ఏ అలవాటు తప్పారు? అలారం ఏ రోజు కట్టేశారు? ఊళ్లో అమ్మానాన్నలు నెలనెలా పంపిన గది అద్దె ఏ శాతం చొప్పున మెరుగుపడింది? అలవాట్ల మీద క్లాసు పీకాల్సింది ఎవరికి, పరీక్ష రాసినవాళ్లకా, పెట్టినవాళ్లకా?

ఆ క్లాసు ఎవరూ పీకరు. ఎందుకంటే ఈ సిద్ధాంతం సుఖమంతా అక్కడే ఉంది. గెలిస్తే వక్తగారి సూత్రం, ఓడితే నీ బద్ధకం. మధ్యలో ప్రభుత్వం లేదు, కులం లేదు, నాన్న జీతం లేదు, ఇంగ్లీషు మీడియం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ పిల్లల ముందు మిఠాయి పెట్టి, తినకుండా ఎంతసేపు ఆగుతారో చూసిన పరీక్షను కూడా ఇలాగే వాడుకున్నారు. ఆగిన పిల్లలు జీవితంలో పైకొచ్చారని ప్రచారం. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. రేపు కూడా డబ్బాలో మిఠాయి ఉంటుందని తెలిసిన ఇంటి పిల్లవాడు ఆగగలడు. ఇవాళ తినకపోతే అన్నయ్య తినేస్తాడని తెలిసినవాడు ఎందుకాగుతాడు? వాడిదే తెలివి.

పొద్దున్నే లేవండి. ఎండ ముదరకముందు నాలుగడుగులు వేయొచ్చు, కుళాయి నీళ్లు కూడా దొరుకుతాయి. కానీ ఈసారి మీ కాలేజీకి వక్తగారు వస్తే, చేతులెత్తమన్నప్పుడు మీరూ ఎత్తి ఒక్క మాట అడగండి: "సార్, ఐదింటికి లేవమని చెప్పడం కాకుండా, ఐదింటికి లేచి మీరు ఏ పనిలో పైకొచ్చారు?" అడిగేముందు మైకు మాత్రం గట్టిగా పట్టుకోండి, లాక్కుంటారు.