శంకుస్థాపన అక్కర్లేని పరిశ్రమ

కడప జిల్లాకు పరిశ్రమలు రాలేదని ఏడ్చేవాళ్లు ఒకసారి కళ్లు తుడుచుకోండి. ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం పూట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టి రండి. ప్రతి టీ అంగడిలో, ప్రతి అరుగు మీదా షిఫ్టు నడుస్తుంటుంది. తలలు వంచి, బొటనవేళ్లతో పనిచేసే కుర్ర కార్మికులు. జీతం లేదు, సెలవు లేదు, పైగా పెట్టుబడి కూడా కార్మికుడిదే! దాని పేరు బెట్టింగు.

పాపం, ఉక్కు ఫ్యాక్టరీకి ఈ యోగం లేదు. జమ్మలమడుగు పక్కన బ్రహ్మణీ స్టీల్స్‌కు 2007లో రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు చేశారు. ఏడాది తిరక్కుండానే సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ చేశారు. 2023 ఫిబ్రవరిలో జిందాల్‌ను పక్కన నిలబెట్టుకుని అక్కడే మళ్లీ భూమిపూజ చేశారు. కుర్రోడు నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని ఆశపడితే, ప్రభుత్వాలు లెక్క తప్పకుండా నాలుగు రాళ్లే వేశాయి. బెట్టింగుకు ఎవరూ ఒక్క టెంకాయ కొట్టలేదు. అయినా ఇంటింటికీ వచ్చేసింది.

ఈ పరిశ్రమలో మూడూళ్లూ పని పంచుకున్నాయి. రాళ్ల పక్కన ఎదురుచూసి విసిగిన కూలీలను జమ్మలమడుగు ఇచ్చింది.

ఆర్థిక శాఖ ప్రొద్దుటూరుది. మట్కా చీటీల అనుభవమూ, బంగారు అంగళ్ల బజారూ రెండూ ఉన్న ఊరాయె! ఒకప్పుడు బుకీ దగ్గరికి చాటుగా పోవాల్సొచ్చేది. ఇప్పుడు వాట్సాప్‌లో బెట్టింగు ఐడీ ఇంటికే వస్తుంది. ఓడితే అమ్మ మెడలో గొలుసు కుదువకు పోతుంది. గొలుసు అయిపోతే లోన్ యాప్. అప్పు వాడొక్కడికే ఇస్తుంది. వసూలుకు మాత్రం ఫోనులో ఉన్న ప్రతి నంబరుకూ, పిల్లనిస్తామన్న మామతో సహా, మార్ఫింగ్ ఫొటో పంపుతుంది. అదీ దాటితే బ్యాంకు ఖాతాను సైబర్ దొంగలకు అద్దెకిచ్చి కమీషన్ తీసుకోవడం. డిగ్రీ చదివినోడికి బ్యాంకులో దొరికిన కొలువు అదే.

న్యాయ శాఖ పులివెందులది. 2020 సెప్టెంబరులో ఆ ఊరి ఎమ్మెల్యే జగన్ ముఖ్యమంత్రిగా ఉండి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. ఆడినోడికి ఆరు నెలల జైలన్నారు. మీ రాష్ట్రంలో ఆట లేదని జూదం యాప్ చేతులు కడుక్కుంది. మనోడు ఫేక్ జీపీఎస్ పెట్టాడు. ఉద్యోగానికి బెంగుళూరు పోవాల్సిన పిల్లోడు అరుగు మీదే ఉండిపోయాడు. ఫోను మాత్రం బెంగుళూరు చేరింది.

ఢిల్లీ ఇంకా తెలివైంది. 2023 అక్టోబరు నుంచి పందెం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పిండుకుంది. 2025 ఆగస్టులో అదంతా పాపమని కనిపెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. సరుకు మారలేదు, అంగడి టెలిగ్రాంలోకి మారింది.

"ఫోన్లొచ్చి పిల్లోళ్లు చెడిపోయినారప్పా" అంటారు పెద్దమనుషులు. నిజమే స్వామీ! మరి బుకీ దొరికిన రాత్రి, వాణ్ని వదిలేయమని స్టేషనుకు పోయే ఫోను ఏ పిల్లోడిది?

2007లో మొదటి రాయి పడినప్పుడు పుట్టినోడికి ఇప్పుడు ఓటొచ్చింది. నాయకులారా, ఎన్నికలొస్తే మీ మెజారిటీ మీద వాడు పందెం కాస్తాడు. ఇన్నేళ్లూ మీరు వాడి వయసు మీద కాశారు. మీరు గెలిచినా, మీరు ఓడినా, డబ్బు కట్టేది వాడే.