నన్ను విడిచి పొండు: ఒక ఇత్తడి బ్రాంచి ఆత్మకథ

అగ్నిమాపక దళమువారు నన్ను బ్రాంచి అందురు. చూచుటకు నేనొక ఇత్తడి గొట్టమును. ఒక కొన వెడల్పు, రెండవ కొన సన్నము. వెడల్పు కొనను హోసు మూతికి తగిలించి, సన్నని కొనకు నాజిల్ బిగించి, పంపునుండి పొంగివచ్చు నీటి వేగమునంతటిని ఒక్క ధారగా కూర్చి అగ్ని మొగమున కొట్టుట నా వృత్తి. ఫైరింజనుకు గంట యున్నది, ఎఱ్ఱని రంగున్నది, వీధివెంట దాని వెనుక పరుగెత్తు పిల్లలున్నారు. నాకట్టి వైభవ మేమియు లేదు. అయినను నిప్పునకు అందఱికంటె ముందు నిలుచునది నేను; నా వెనుకనే, జానెడు దూరమైనను లేక, నన్ను పట్టుకొన్న మనుష్యుడు నిలుచును. వానికి కలిగిన గతి నాకు తెలియకుండ కలుగుటకు వీలులేదు. కావున అగ్నిమాపకుల శిక్షణమునుగూర్చియు, మరణములనుగూర్చియు చెప్పుటకు నాకంటె తగిన సాక్షి లేడని నా నమ్మకము.

నా కొలువు బొంబాయిలో మొదలైనది. బైకల్లాలో దళమునకు ప్రధానస్థానము. పూర్వము తెలంగాణమునుండి వలసపోయి, ఆ మహానగరమునకు రాళ్లు మోసి గోడలు కట్టిన కామాఠీల పేర వెలసిన కామాఠిపురము అక్కడికి దూరము కాదు. అందుచేత తెలుగు మాట నా చెవిని తొలినాడే పడినది. ప్రతి యుదయమును డ్రిల్లు. హోసు విప్పి పరచుట, నన్ను తగిలించుట, "వాటర్ ఆన్" అని కేక వేయుట. నారతో నేసిన ఆనాటి హోసు నీరు నిండగానే ఒడలెల్ల చెమర్చును. నార నాని ఉబ్బి సందులు పూడుకొన్న పిమ్మటగాని ఆ చెమ్మ ఆగదు. ఆ వెనువెంటనే నీరు నాలోనికి ఉఱికి, ముందునకు ఎంత బలముతో వెడలునో అంత బలముతో నన్ను వెనుకకు త్రోయును. పెద్ద నాజిల్ బిగించిన దినమున ఒక్కని భుజము చాలదు. ఇద్దఱు ముగ్గురు ఒకరి వెనుక నొకరు కాళ్లు తన్నిపెట్టి నిలువవలెను. ఆనాటి మా జాతికి మూసుకొనుటకు మీట యైనను లేదు. నీరు ఆగవలెనన్నచో వెనుకనున్న పంపువానికి "నాక్ ఆఫ్" అని కబురు పోవలెను. ఈలోపల పట్టు సడలెనా, తోక త్రొక్కిన త్రాచువలె నేను లేచి, ఎదుటివాని ఎముక లేవియో చూడకుండ కొట్టుదును.

కావుననే కొత్తవానికి చెప్పు మొదటి పాఠము, "బ్రాంచి వదలవద్దు" అని. పాఠము మంచిదే. డ్రిల్లు మైదానమున దానికి తిరుగులేదు. కాని ఏండ్లు గడచినకొలది ఆ జాగ్రత్త మాట కాస్త పౌరుషపు మాటగా మాఱి, వదలినవాడు పిఱికివాడను అర్థము దానికి అంటుకొన్నది. ఎప్పుడు వదలవలెనో చెప్పు రెండవ పాఠమును ఎవ్వరును అంత శ్రద్ధగా నేర్పగా నేను చూడలేదు.

1944 ఏప్రిల్ 14వ తేదీ వచ్చినది. ఫోర్ట్ స్టికైన్ అను ఓడ రెండు దినములకు ముందు బొంబాయి చేరి, విక్టోరియా డాకు గట్టున సరుకు దింపుచుండెను. ఫిబ్రవరిలో ఇంగ్లండునందలి బిర్కెన్‌హెడ్ విడిచి, త్రోవలో కరాచీయందు వేలకొలది పత్తి బేళ్లను ఎక్కించుకొని వచ్చినది. అప్పటికే దాని కడుపున 1,395 టన్నుల ప్రేలుడు సామగ్రి కలదు: టార్పెడోలు, మందుపాతరలు, ఫిరంగి గుండ్లు. రెండవ గదిలో అడుగున పత్తి, పై అంతస్తున మందుగుండు. ఇట్టి పేర్పును చూచి చదువురాని కూలివాడైనను తల పట్టుకొనును. కాని అది యుద్ధకాలము, ఓడలు కొఱత, సరుకు మెండు, చూచియు చూడనట్లుండుట అందఱికిని అలవాటై పోయినది. ప్రమాదకరమైన సరుకు మోయు ఓడ ఎఱ్ఱజెండా నెత్తవలెను. ఆ ఓడపై ఆ దినమున జెండా లేదు.

మధ్యాహ్నపు విరామము ముగియు వేళకు పొగ కనబడెను. మా ఇంజనులు వచ్చినవి. నాతోడి బ్రాంచి లెన్నియో ఆ గది నోటిలోనికి వంగి నీరు క్రుమ్మరించెను. 900 టన్నులకు మించిన నీరు పోసిరని తరువాత లెక్క తేలినది. నిప్పు మూలము మాత్రము దొరకలేదు. పోసిన నీరు లోపల సలసల కాగుచుండెను. నీరు పెరిగినకొలది కాలుచున్న పత్తి పైకి తేలి, మందుగుండునకు తానే చేరువైనదని పిమ్మట కొందఱు చెప్పగా వింటిని. అది నిజమైనచో, మేము ఆర్పుచున్నామనుకొన్న పని మఱియొక పనియై యుండెనన్నమాట. ఓడను అక్కడనే ముంచుటయా, బయటి సముద్రములోనికి లాగించుటయా అని గట్టుమీద పెద్ద లొకరి నొకరు అడుగుకొనుచుండిరి. తీర్పు చెప్పి, తప్పైనచో దానిని నెత్తిన వేసికొనగల నోరొక్కటి ఆ గుంపులో లేకపోయెను.

3 గంటల 50 నిమిషములకు ఓడను విడువుమని ఆజ్ఞ యైనది. మావారు ఓడను విడిచిరి. రేవును విడువలేదు.

ఈ రెండు వాక్యముల నడుమ 16 నిమిషముల వ్యవధి యున్నది. నా జీవితమున నేను మరల మరల తలంచుకొనునది ఆ వ్యవధియే. 16 నిమిషములలో మనుష్యుడు పరుగెత్తక, నడచియే మైలు దాటగలడు. గోదాముల ఆవలకు, గోడల ఆవలకు, బ్రతుకునకు అది చాలిన కాలమే. కాని గట్టున నిలిచినవాని కన్ను మంటమీద నున్నది, చేతులు నామీద నున్నవి, కాళ్లు నేర్చిన పాఠముమీద నున్నవి. ఓడను వదలుటకు ఆజ్ఞ వచ్చినదే గాని, ఎంత దూరము పోవలెనో, ఏ గోడ వెనుక నిలువవలెనో, హోసులను ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞ వెంట రాలేదు. నన్ను పట్టుకొన్నవాడు అడుగు వెనుకకు వేయలేదు. వాని అఱచేతి చెమట నా ఇత్తడిమీద నాకు తెలియుచునేయున్నది.

4 గంటల 6 నిమిషములకు ఓడ రెండుగా చీలెను. పండ్రెండు కిలోమీటర్ల ఆవలి కిటికీ అద్దములు రాలెను. 4 గంటల 34 నిమిషములకు రెండవ ప్రేలుడు. ఎంతో దూరమునగల సిమ్లాలో భూకంపములను కొలుచు యంత్రములు ఆ అదురును గుర్తించెనట. నన్ను కొన్ని దినముల పిమ్మట శిథిలములనుండి తీసిరి. నా నడుము వంగి యుండెను. నన్ను పట్టుకొన్నవానిని తీయుటకు ఏమియు మిగులలేదు.

ఆనాడు మా దళమున మరణించినవారు 66 మంది. గాయపడినవారు ఎనుబదికి పైబడిరి. నగరమున మృతులు ఏడువందలకు మించిరని ప్రభుత్వపు లెక్క. చూచినవారి లెక్క అంతకు ఎన్నియో రెట్లు. యుద్ధకాలపు కట్టడిచేత ఈ వార్తను మొదట లోకమునకు చాటినది జపానువారి చేతిలోని సైగాన్ రేడియో! ఆ ఓడలో 124 బంగారు కడ్డీలుకూడ నుండెను. అవి ఎగిరిపడుట, దశాబ్దములు గడచినను, 2011లో కూడ, రేవు పూడికలో కడ్డీలు దొరకుట పత్రికలకు ఎంత రుచించెనో, 66 మంది యేల చనిపోయిరను ప్రశ్న అంతగా రుచింపలేదు. లోకము తీరే అంత! ఏప్రిల్ 14ను మాత్రము దేశమంతట అగ్నిమాపక దినముగా, ఆనాటినుండి 20వ తేదీ దాకా వారోత్సవముగా జరుపుదురు. ఆ వారమున నాకు చింతపండుతో మెఱుగు పెట్టుదురు.

ఇది బొంబాయికే కలిగిన దురదృష్టమనుకొనుటకు వీలులేదు. సరిగా మూడేండ్లమీద రెండు దినములకు, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవున గ్రాండ్‌క్యాంప్ అను ఓడలో అమోనియం నైట్రేటు ఎరువునకు నిప్పంటుకొని ప్రేలగా, ఆ యూరి అగ్నిమాపక దళమున ఒక్కడు తప్ప అందఱును హతులైరి. వారును గట్టుననే నిలిచి యుండిరి. వారి చేతులలోను నా వంటి బ్రాంచీలే యుండెను.

వంగిన నన్ను పాతసామానువానికి అమ్మక, కొంత సాగగొట్టి ఒక శిక్షణాశాలకు పంపిరి. నీటి ఒత్తిడిని మోయుటకు పనికిరాను గావున, పొగగది పాఠములలో ఖాళీ హోసు చివర నన్ను తగిలింతురు. 1956లో రాంపురమున నెలకొని మఱుసటియేడు నాగపురము చేరిన జాతీయ అగ్నిమాపక కళాశాలలో చదివి వచ్చినవారు, అందులో కొందఱు ఆంధ్రదేశపువారు, అప్పుడప్పుడు వచ్చి పాఠము చెప్పుచుందురు. చీకటిగది, పొగ, కన్ను తెఱచినను మూసినను ఒక్కటే. కుఱ్ఱవాడు నేలబారుగ ప్రాకుచు నా దాక వచ్చును. "ఇప్పుడు బయటకు దారేది?" అని గురువు గోడ వెలుపలినుండి అడుగును. వాడు హోసు తడవుచు వెనుకకు పోయి, రెండు హోసులు కలియు అతుకును చేతితో పట్టి చూచును. అతుకునందు ఒక భాగమునకు చెవులవంటి రెండు పట్లు ఉండును, రెండవ భాగము నున్నగా ఉండును. చెవులున్న వైపు పంపు, అనగా బయలు. నున్నని వైపు నిప్పు. కటిక చీకటిలో ప్రాణము నిలుపునది ఈ యొక్క గుర్తు. దీనిని నేర్చిన కుఱ్ఱవాడు బయటపడి నవ్వినప్పుడు నాకు కలుగు తృప్తి, ఎన్ని మంటల నార్పినను కలుగలేదు.

మఱియొక పాఠము లండనునుండి వచ్చినది. 1958 జనవరిలో స్మిత్‌ఫీల్డ్ మాంసపు విపణి నేలమాళిగలలో మంట లేచెను. అవి దారి తెలియని చీకటి కొట్లు. ప్రాణవాయువు సీసాలు వీపున మోసికొని దిగిన ఇద్దఱు, వాయువు తీరిపోయి లోపలనే మరణించిరి. ఆ తరువాతనే, లోనికి దిగు ప్రతివాని పేరు, వాని సీసాలోని ఒత్తిడి, దిగిన వేళ వ్రాసిన బిళ్లను తలుపుకడ ఒక పలకకు తగిలించి, వాడు ఎన్ని గంటలకు వెలుపలికి రావలెనో లెక్కకట్టి, ఆ లెక్కనే చూచుచు ఒక మనుష్యుడు నిలువవలెనను పద్ధతి గట్టిపడెను. ఆ పలక దగ్గఱివానికి పతకము లెవ్వరును ఇయ్యరు. వాడు నీరు కొట్టడు, పిల్లను భుజాన మోయడు, పత్రికలవారు వాని పటము తీయరు. నా దృష్టిలో ఆ పటాలమునకంతకును వాడే పెద్ద.

అయితే మంటయొక్కటే మృత్యువు కాదు. 2015 మే నెలలో ముంబయి కల్బాదేవియందు కాలుచున్న పాత భవనము కూలి, మా దళమునకే చెందిన నలుగురు ఉన్నతాధికారులు, ప్రధానాధికారితో సహా, ప్రాణములు విడిచిరి. వయస్సు, అనుభవము కూలు గోడకు తెలియవు. అమెరికాలో విధినిర్వహణమున పోవువారిలో సగమునకు చేరువగా గుండెపోటుచేతనే పోవుదురు. ఇక మసి. మసిబాఱిన కోటు తొడిగి స్టేషనుకు తిరిగివచ్చుట శౌర్యచిహ్నమని పూర్వులు మురిసిపోవువారు. ఆ కోటుతోడనే భోజనమునకు కూర్చుండిన వారిని నేనెఱుగుదును. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగము, అగ్నిమాపక వృత్తియే కేన్సరునకు కారణమగుచున్నదని నిర్ణయించినది. కోటు ఉతుకుడు, స్నానము చేయుడు, తరువాత అన్నము తినుడు అని చెప్పుట వీరరసమునకు భంగమైనచో, కానిండు.

వారోత్సవ సభలలో త్యాగమును కొనియాడుదురు. కొనియాడదగినదే. కాని ఆ ప్రసంగములు విన్న కుఱ్ఱవాని మనస్సున, చచ్చుటయే తన వృత్తికి పరమార్థమను భావము నాటుచున్నదని నా భయము. 66 మంది ధైర్యమునకు కొదవ యుండి చావలేదు. వెనుకకు పొండని గట్టిగా, వేళకు, దూరము నిర్ణయించి చెప్పువాడు లేక చచ్చిరి. ఇత్తడి మరల కరగును, మరల పోతపోయబడును. ఈ మాట చెప్పుటకు నాకు హక్కు కలదు: వెనుకకు పిలుచు ఈల వినబడిన తక్షణమే నీరాపించి, నన్ను నేలబెట్టి, తిరిగి చూడక పొండు.

పాఠకులారా, మీతోకూడ నాకొక పని యున్నది. 2015 ఆగస్టు 12న చైనాలోని తియాంజిన్ రేవు గోదాములు ప్రేలి 173 మంది చనిపోగా, వారిలో నూటికి పైగా అగ్నిమాపకులే. ఏ పెట్టెలో ఏమున్నదో వచ్చినవారికి తెలియదు. మీ యింటికో, దుకాణమునకో, గోదామునకో ఫైరింజను వచ్చినప్పుడు వీధిలో నిలిచి ఫోటోలు తీయక, గేటు దగ్గఱికి పోయి అధికారితో మాటలాడుడు. లోపల మనుష్యు లున్నారా, ఏ గదిలో నున్నారు. గ్యాస్ సిలిండర్లు ఎన్ని. కార్బైడువంటి నీరు తగులరాని సరుకు కలదా. మెయిన్ స్విచ్చి ఎక్కడ. ఏ కప్పు పాతది, ఏ గోడ పగిలినది, అన్నియు చెప్పుడు. లైసెన్సు లేని సరుకున్నచో దానినికూడ దాచవద్దు. జరిమానా తరువాత కట్టుకొనవచ్చును. నాలోనికి నీరు విడువకముందే చెప్పుడు.