మెత్తటి బోల్టు

మా అబ్బాయి బఫెలోలో ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటు గరాజులో ఒక చిన్న ట్రాక్టరు కూడా వచ్చింది. ఎండాకాలం గడ్డి కోస్తుంది, చలికాలం ముందు స్నో బ్లోయర్ తగిలిస్తే మంచు ఎత్తిపోస్తుంది. ఆ ఊళ్లో అదేమీ విలాసం కాదు. ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి నీటి తేమంతా మోసుకొచ్చి ఊరిమీద మంచుగా కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో పక్కనున్న ఆర్చర్డ్ పార్కులో ఆరున్నర అడుగులు పడింది. మన లంకల్లో వరద ఎంతవరకు వచ్చిందో గోడమీద చూపించినట్టు, అక్కడివాళ్లు ఆ లెక్క ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి మొదలుపెట్టి తలపైదాకా తీసుకెళతారు.

ఇల్లు అమ్మిన ముసలాయన ఫ్లోరిడా వెళ్లిపోతూ షెల్ఫు మీద ఒక కాఫీ డబ్బా చూపించాడట. నిండా చిన్నచిన్న బోల్టులు. "ఇవి తప్ప వేరేవి వెయ్యొద్దు" అన్నాడట.

నేను వాళ్ల దగ్గరికి వెళ్లిన జనవరిలో అబ్బాయి ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. తెల్లారేసరికి మోకాలి లోతు మంచు. అది చాలనట్టు, రోడ్డు ఊడ్చే మునిసిపల్ బండి ఆ చెత్తమంచంతా మా వాకిలికి అడ్డంగా కట్టలా పోసి పోయింది. కోడలు డ్యూటీకి వెళ్లాలి. నేను ట్రాక్టరు తాళాలు తీశాను. ఫోన్లో అబ్బాయి, "నాన్నా, దాని జోలికి వెళ్లకు" అన్నాడు.

"ముప్పై అయిదేళ్లు యంత్రాలమీద బతికినవాణ్ణిరా" అన్నాను.

మెత్తటి మంచు ఉన్నంతసేపూ బండి బ్రహ్మాండంగా నడిచింది. గడ్డకట్టిన కట్ట దగ్గరికి రాగానే టప్‌మంది. ఇంజను తిరుగుతోంది, ఇరుసు తిరుగుతోంది, ఇరుసుమీది కుడివైపు మర మాత్రం కదలడం లేదు. వంగి చూస్తే, మరనీ ఇరుసునీ కలిపే బోల్టు రెండు ముక్కలైంది. తెగిన ముక్కని మేకుతో కొట్టి బయటికి తీసి, రెండు బెజ్జాలూ ఎదురుబొదురు తెచ్చి, డబ్బాలోంచి కొత్తది వేశాను. గ్లవ్సుతో నట్టు ఎక్కదు. తీస్తే వేళ్లు ఇనుముకి కొత్త పెనానికి అట్టు అంటుకున్నట్టు అంటుకున్నాయి.

పది నిమిషాలకి అదీ తెగింది. ఆ తర్వాతదీ తెగింది.

నాలుగోది చేతిలోకి తీసుకుని కళ్లజోడు సవరించుకుని చూశాను. తలమీద ఒక్క గీతైనా లేదు. నాసిరకం. పిసినారి ముసలాయన, చౌకగా వస్తాయని డబ్బాడు కొని పెట్టుకున్నాడు! అబ్బాయి పనిముట్ల పెట్టెలో వెతికితే తలమీద ఆరు గీతలున్న గట్టి బోల్టు దొరికింది. బిగించాను. ఇప్పుడు తెగు చూద్దాం అనుకున్నాను.

తెగలేదు. మంచులో కూరుకుపోయి రాయిలా బిగిసిన పేపరు చుట్ట ఒకటి మరలో పడింది. కర్‌ర్‌మని లోపలెక్కడో ఒక చప్పుడు. ఆ తర్వాత ఇంజను ఒక్కటే అరుస్తోంది.

కోడలు తెలుగువాళ్ల గ్రూపులో మెసేజి పెడితే, రెండు వీధుల అవతలనుంచి ఒకతను వచ్చాడు. గడ్డం, ఉన్ని టోపీ. "నమస్తే సార్" అన్నాడు. అక్కడ ప్రతివాడికీ నేను అంకుల్నే. సార్ అన్న పిలుపు వినగానే ప్రాణం లేచొచ్చింది.

పనిమంతుడు. ముందు స్పార్క్ ప్లగ్గు వైరు పీకి, అప్పుడు గానీ లోపల చెయ్యి పెట్టలేదు. గేర్‌బాక్సు విప్పి గ్రీజులో వేలు ముంచి నాకు చూపించాడు. బంగారు రజను అద్దినట్టు వేలంతా మెరిసింది.

"కంచు చక్రం సార్. పళ్లన్నీ చెక్కుకుపోయాయి. బోల్టు తెగితే ఇది బతికేది."

బోల్టు ఊడదీసి, బొటనవేలితో తుడిచి, గీతలు లెక్కపెట్టాడు. "ఇదెవరు వేశారు సార్?"

"ఇల్లు అమ్మిన ముసలాయన" అన్నాను.

అతను షెల్ఫు మీది కాఫీ డబ్బా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

కొత్త చక్రం తెప్పించి, నాలుగో రోజు వచ్చి బిగించాడు. డబ్బులు ముట్టుకోలేదు. కాఫీ మాత్రం తాగాడు.

"మొదటిరోజే గుర్తుపట్టాను సార్. థర్డ్ ఇయర్లో మాకు మెషిన్ డిజైన్ చెప్పింది మీరే."

నాకు ఎంత సంతోషమో! "అలాగా బాబూ! ఏ బ్యాచ్?"

బ్యాచ్ చెప్పాడు. "మిడ్ పరీక్షలో షియర్ పిన్నుని మెత్తటి లోహంతో ఎందుకు చేస్తారని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చారు. చౌకగా వస్తుందని రాశాను. సున్నా వేశారు. చివరికి ఆ రెండు మార్కుల తేడాతోనే సబ్జెక్టు పోయింది. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగమూ పోయింది."

నవ్వుతూనే చెప్పాడు. కప్పు కింద పెట్టి, జేబులోంచి ఆరు గీతల బోల్టు తీసి సాసరు పక్కన ఉంచి లేచాడు.

"సున్నా పక్కన ఎర్ర ఇంకుతో ఒక ముక్క కూడా రాశారు సార్."

"ఏం రాశాను?"

"ఇలాంటివాడి చేతికి మిషను ఇవ్వరాదు అని."