దారిలో ఇల్లు కట్టుకున్నవాడి విన్నపం

కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా అంటారు. నిజమే. అయినా మానులు కూడా నాలుగు కష్టాలు పంచుకుంటే వాటి సొమ్మేం పోయింది? సూర్యాపేటలో హైవే పక్కన నా ఇల్లు, మిర్యాలగూడలో అత్తగారిల్లు, కోదాడలో చెల్లెలి కాపురం. ఈ మూడింటి నడుమ ఇక నా వల్ల బతకడం కాదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొదటిది రోడ్డు. హైదరాబాద్–విజయవాడ రహదారి ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. నంబరు మారింది గాని నా రాత మారలేదు. బస్సులు టీకీ భోజనానికీ సూర్యాపేటలోనే ఆగుతాయి. వాటితోపాటు చుట్టాలూ ఆగుతారు. రాత్రి పదకొండింటికి బామ్మర్ది ఫోను. "బావా, బస్సు ఆపిండు. గీ హోటల్ల తినబుద్ధి అయితలేదు. అక్కతోని ఇంత పెరుగన్నం కలిపిచ్చి పట్కరారాదు?" లుంగీ ఎగ్గట్టి స్టీలు క్యారేజీతో ఉరికేసరికి కండక్టరు 'రైట్ రైట్' అంటుంటాడు. క్యారేజీ కిటికీలోంచి లోపలికి పోతుంది, బస్సు విజయవాడకు పోతుంది. అన్నం పోయిందని ఏడవను. మా ఇంట్లో ఇప్పుడు మూతలున్నాయి, గిన్నెలు లేవు. ఇక సంక్రాంతి వస్తే హైదరాబాద్‌లో సగం ఈ రోడ్డు మీదే ఉంటుంది. అవతలి పక్క దుకాణంలో పాలప్యాకెట్ కనిపిస్తుంటుంది, దాటిపోయి తెచ్చుకునే యోగం ఉండదు.

రెండోది బియ్యం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి, వరి వెంట మిల్లులు వచ్చి మిర్యాలగూడ బియ్యం ఊరైంది. "నీకేంది, అత్తారింటి బియ్యం" అని మా వీధంతా కుళ్లు. మామగారు ఏటా తప్పకుండా బస్తాలు పంపుతారు, కోత అయిన నెలలోపే. కొత్త బియ్యం! ఎసరు తగ్గిస్తే పలుకు, పెంచితే సంగటి. పాతవి వాళ్లింట్లోనే ఉంటాయి. అడిగితే "మాకు అరగదు అల్లుడూ, నువ్వు వయసులున్నవ్" అంటారు. పండక్కి పోతే డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా ఊకబూడిద పట్టి నల్లగా దిగుతుంది. 2025 ఉగాదినాడు మా జిల్లా హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం మొదలుపెట్టారు, మనిషికి 6 కిలోలు. నాకు కార్డు లేదు. నెలజీతం ఉందట! ఆ జీతం ఎక్కడుందో చూపించినవాళ్లకు అందులో సగం ఇస్తాను.

మూడోది నీళ్లు. ఎండాకాలంలో కోదాడ పోతే చెల్లెలు మంచం వేయకముందే బిందె చేతికిస్తుంది, ట్యాంకరు వచ్చిందని. అదే ఊరు 2024 ఆగస్టు 31 రాత్రి వానకు కాలనీలకు కాలనీలు మునిగింది. అదే వానలకు నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. నీళ్లు తీశాక పోయి మా బావ ఫ్రిజ్ తలుపు తెరిస్తే కూరగాయల అరలో ఒండ్రు పేరుకుని ఉంది. బావ దాన్ని చూసి, "ఎండాకాలం రమ్మంటే రాలే, ఇప్పుడు పిలవకున్నా ఇంట్లకొచ్చె" అన్నాడు. ముగ్గురం చీపుళ్లు పట్టుకున్నాం. తిరిగొచ్చాక నా నడుము వారం దాకా వంగలేదు.

సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు పెడదామని కలెక్టరేటుకు పోయాను. "పింఛనా, ఇల్లా, భూమా?" అని అడిగారు. చుట్టాలు అన్నాను. ఆ పద్దు లేదన్నారు.

కనుక చుట్టాలకే విన్నవించుకుంటున్నాను. గుంటూరు వైపు పోయేవాళ్లు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకోండి. మంచి రోడ్డు, దారిలోనే మిర్యాలగూడ, మా మామగారిల్లు. పాత బియ్యం అక్కడ దండిగా ఉన్నాయి, ఎంత రాత్రయినా వండించుకుని తినండి. ఇన్నాళ్లూ తీసుకుపోయిన క్యారేజీ గిన్నెలు మాత్రం మా ఇంటికి పంపండి.